లోకస్ పత్రిక: పన్నెండు సంచికల్లో ఐదు కొంటే చాలు

కాలిఫోర్నియాలోని ఓక్లండ్ నుంచి నెలనెలా వచ్చే లోకస్‌లో కథలుండవు, సీరియళ్లుండవు. ఉన్నదంతా ఇంగ్లిష్ సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ, హారర్ పుస్తకాల సమాచారమే. ఏ నవల ఎప్పుడొస్తోంది, ఎవరు వేస్తున్నారు, ఎవరి హక్కులు ఎవరు కొన్నారు, వచ్చినది ఎలా ఉంది. సినిమావాళ్లకి ట్రేడ్ పత్రికలెలాగో ఈ రంగానికి ఇది అలాగ. సాహిత్య పత్రిక అనుకుని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదవబోతే మూడో నెలకే విసుగొస్తుంది. రైల్వే టైంటేబుల్ అనుకుని వాడుకుంటే పెట్టిన డబ్బు దక్కుతుంది.

పుట్టుకే ప్రచారం కోసం. 1971 వరల్డ్‌కాన్ (ఏటా జరిగే ప్రపంచ సైన్స్ ఫిక్షన్ సదస్సు) బోస్టన్‌కి రావాలని అక్కడి అభిమానులు పట్టుబట్టారు. దానికి మద్దతు కూడగట్టడానికి 1968లో చార్లెస్ ఎన్. బ్రౌన్, మరో ఇద్దరు కలిసి తీసిన చిన్న వార్తాపత్రం ఇది. వరల్డ్‌కాన్ బోస్టన్‌కి వచ్చింది, పత్రం మాత్రం ఆగలేదు. 2009లో చనిపోయేదాకా బ్రౌనే నడిపారు. తర్వాత లైజా గ్రోన్ ట్రోంబి సంపాదకత్వంలో, లాభాపేక్ష లేని ఫౌండేషన్ కింద నడుస్తోంది. చందాలు, ప్రకటనలు, విరాళాలే ఆధారం. 1997లో మొదలైన వెబ్‌సైట్‌కి 2002లో వరల్డ్‌కాన్‌లో ఇచ్చే హ్యూగో అవార్డు కూడా వచ్చింది.

అసలు సరుకు మార్చి, జూన్, సెప్టెంబర్, డిసెంబర్ సంచికల్లో ఉంటుంది. రాబోయే పుస్తకాల పూర్తి జాబితా ఈ నాలుగింటిలోనే వస్తుంది, సుమారు తొమ్మిది నెలల ముందుచూపుతో. వెబ్‌సైట్‌లో ఉచితంగా కనిపించేది ఏరి పెట్టిన చిన్న భాగం మాత్రమే. పేరున్న రచయితల కొత్త నవలలు చాలు అనుకుంటే ఆ ఉచిత జాబితాతోనే సరిపెట్టుకోవచ్చు. మొదటి నవలలు, చిన్న ప్రచురణ సంస్థలవి, కథా సంకలనాలు కావాలంటే పత్రికలోని పూర్తి జాబితాయే దిక్కు.

ఆ జాబితాని మనం ఎలా చదవాలన్నదే ముఖ్యం. అమెరికా ప్రచురణలు వేరుగా, బ్రిటన్ ప్రచురణలు వేరుగా ఉంటాయి. ముందు అమెరికా జాబితా చూసి తేదీ రాసుకోవడం మన పాఠకులు మామూలుగా చేసే పొరపాటు. ఇంగ్లిష్ పుస్తకాల హక్కుల పంపకంలో భారత ఉపఖండం ఎక్కువగా బ్రిటన్ ప్రచురణకర్త వాటాలోకి వస్తుంది. కాబట్టి హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఉన్నవాళ్లు తిన్నగా బ్రిటన్ జాబితాకి వెళ్లాలి. ప్రచురణ సంస్థ పేరు గొలాంజ్, ఆర్బిట్ అని ఉంటే ఇక్కడ హాచెట్ ఇండియా తెస్తుంది. టోర్ యూకే అయితే పాన్ మాక్‌మిలన్ ఇండియా, వాయేజర్ అయితే హార్పర్‌కాలిన్స్ ఇండియా, డెల్ రే యూకే అయితే పెంగ్విన్ రాండమ్ హౌస్ ఇండియా. ఈ నాలుగు దారులూ తెలిస్తే పెద్ద నవలల్లో చాలావాటి ఆచూకీ తెలిసినట్టే.

అదే నవల రెండు జాబితాల్లోనూ ఉండొచ్చు. ముఖచిత్రం వేరు, ప్రచురణ సంస్థ వేరు, తేదీ వేరు. అమెరికాలో కొత్త పుస్తకాలు మంగళవారం వస్తాయి, బ్రిటన్‌లో గురువారం. రెండు రోజుల తేడా కనిపిస్తే కంగారక్కర్లేదు, అది వారం లెక్క. రెండు మూడు నెలల తేడా ఉంటే మాత్రం బ్రిటన్ తేదీనే క్యాలెండర్‌లో వేసుకోండి. అమెరికా జాబితాలో ఉండి బ్రిటన్ జాబితాలో అసలు లేకపోతే ఇంకా అక్కడ హక్కులు అమ్ముడవలేదనో, అమ్మే ఉద్దేశం లేదనో అర్థం. అమెరికాలో వచ్చే నవలికల్లో ఇలాంటివి ఎక్కువ. అవి ఇక్కడికి దిగుమతి ధరకే వస్తాయి, ఒక్కోసారి మన కిండిల్ స్టోర్‌లో కూడా కనపడవు. దుకాణం తప్పేమీ లేదు, ఈ ప్రాంతానికి అమ్మే హక్కు ఎవరి దగ్గరా లేదంతే.

ఇంకో సంగతి. బ్రిటన్ జాబితాలో హార్డ్‌కవర్ అని ఉన్న పుస్తకం మన దగ్గరికి తరచుగా హార్డ్‌కవర్‌గా రాదు. అదే సైజులో, మెత్తని అట్టతో ఎక్స్‌పోర్ట్ ట్రేడ్ పేపర్‌బ్యాక్‌గా వస్తుంది. విమానాశ్రయాల్లో కనిపించే లావుపాటి పేపర్‌బ్యాక్ ఇదే. చిన్న సైజు పేపర్‌బ్యాక్ రావడానికి ఇంకో పది నెలలో, ఏడాదో పడుతుంది. సిరీస్ మొత్తం ఒకే సైజులో షెల్ఫ్ మీద నిలబడాలనుకునేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. మొదటి భాగం చిన్న సైజులో కొని ఉంటారు, మూడో భాగం ఆత్రంగా పెద్ద సైజులో కొంటారు. జాబితాలో ఫార్మాట్ గుర్తు చూశాకే ప్రీఆర్డర్ నొక్కండి. బుక్‌షాప్‌లో ఆర్డర్ ఇచ్చేటప్పుడు నవల పేరు చెప్పి ఊరుకోవద్దు. బ్రిటన్ ప్రచురణకర్త సైట్‌లో ట్రేడ్ పేపర్‌బ్యాక్ ఐఎస్‌బీఎన్ చూసి ఆ పదమూడు అంకెలూ రాసివ్వండి. పేరుతో వెతికితే అమెరికా ఎడిషన్ ముందు తగలొచ్చు, అప్పుడు ధర చూసి నోరెళ్లబెట్టాల్సి వస్తుంది.

తేదీలని ఎంతవరకు నమ్మొచ్చు? మొదటి మూడు నెలల తేదీలు దాదాపు ఖాయం, అప్పటికే ప్రింటింగ్ తేదీలు బుక్ అయిపోయి ఉంటాయి. నాలుగు నుంచి ఆరో నెల దాకా జరగొచ్చు. ఏడో నెల దాటినవన్నీ పెన్సిల్ రాతలే. పత్రిక తేదీలు పబ్లిషర్లు ఇచ్చినవే, జూన్ సంచిక మే నెలలోనే తయారవుతుంది. ఈలోగా రచయిత రాతప్రతి ఆలస్యం కావొచ్చు, అదే వారం ఇంకో పెద్ద నవల పడుతోందని వెనక్కి జరపొచ్చు. పత్రికది తప్పనలేం కానీ మార్చి సంచిక పట్టుకుని డిసెంబర్‌లో పోట్లాడితే లాభం లేదు. అందుకే నాలుగు సంచికలూ కావాలి. మార్చిలో అక్టోబర్ అని ఉన్న నవల జూన్ సంచికలోనూ అక్టోబర్‌లోనే ఉంటే డబ్బు కట్టొచ్చు. సెప్టెంబర్ సంచికకి మరో నెలకి జరిగితే ఆగండి. చడీచప్పుడు లేకుండా జాబితాలోంచి మాయమైతే, చాలాసార్లు అది మరుసటి ఏడాదికి పోయినట్టే.

సిరీస్ విషయంలో ఈ జాబితా మీద పూర్తిగా ఆధారపడకూడదు. చోటు తక్కువ కాబట్టి వివరం క్లుప్తంగా ఉంటుంది. కొత్త నవల కదా అని మొదలుపెడితే అది నాలుగో భాగమై కూర్చోవచ్చు. పేరు దొరకగానే ఐఎస్ఎఫ్‌డీబీలో (ఇంటర్నెట్ స్పెక్యులేటివ్ ఫిక్షన్ డేటాబేస్) ఒకసారి చూసుకోండి. ఆ డేటాబేస్ ఉచితం, 1995 నుంచి ఉంది. సిరీస్ వరుస, పాత ఎడిషన్లు, ముఖచిత్రకారుల పేర్లు అన్నీ ఉంటాయి. లోకస్ ముందుకి చూస్తుంది, ఐఎస్ఎఫ్‌డీబీ వెనక్కి చూస్తుంది. రెండూ పక్కపక్కన తెరిచి పెట్టుకోవాలి.

ఇక నెలనెలా వచ్చే శీర్షికల్లో మనకి పనికొచ్చేవి రెండు. మొదటిది హక్కుల వార్తల శీర్షిక, పీపుల్ అండ్ పబ్లిషింగ్. ఫలానా రచయిత ఫలానా నవలనీ దాని తరువాయినీ ఫలానా సంస్థలోని ఫలానా సంపాదకుడికి, ఫలానా ఏజెంట్ ద్వారా అమ్మారు. వార్తలన్నీ దాదాపు ఈ అచ్చులోనే పడతాయి. పైకి నీరసంగా ఉంటుంది కానీ ఒక్కో మాట వెనక ఒక్కో కబురుంది. ‘దాని తరువాయి’ అని ఉంటే ఆ సంస్థ రెండు పుస్తకాలకి ఒప్పుకుందని. మొదటి భాగం చదివి కథ మధ్యలో వేలాడే ప్రమాదం తక్కువ. సంపాదకుడి పేరు గుర్తుపెట్టుకోండి. మీకు నచ్చిన మూడు నవలలూ ఒకే సంపాదకుడి చేతిలోంచి వచ్చాయని తెలిస్తే నాలుగోదాన్ని కళ్లు మూసుకుని కొనొచ్చు. ప్రకటనలకన్నా నమ్మకమైన గుర్తు అది. ఏ ప్రాంతానికి హక్కులు అమ్మారో రాశారంటే ఇంకా మంచిది, బ్రిటన్ ఎడిషన్ వస్తుందా రాదా అన్నది అక్కడే తేలిపోతుంది. అమ్మకం వార్తకీ పుస్తకం చేతికి రావడానికీ మధ్య మామూలుగా ఏడాదిన్నర, రెండేళ్లు పడుతుంది. ఈ వార్త చూసి ప్రీఆర్డర్ పేజీ వెతకడం దండగ.

రెండోది అందిన పుస్తకాల జాబితా. ప్రతి ఎంట్రీ ఇలా ఉంటుంది: ముందు రచయిత ఇంటిపేరు (మనకి అలవాటైన పద్ధతే), తర్వాత పేరు, శీర్షిక, ప్రచురణ సంస్థ, ఐఎస్‌బీఎన్, ధర, పేజీలు, ఫార్మాట్, ముఖచిత్రం వేసినవారు. ఫార్మాట్‌కి హెచ్‌సీ అంటే హార్డ్‌కవర్, టీపీ అంటే ట్రేడ్ పేపర్‌బ్యాక్, పీబీ అంటే చిన్న సైజు. మొదటి ముద్రణకి పక్కన ఒక గుర్తు ఉంటుంది. కింద రెండు మూడు వాక్యాల పరిచయం. సిరీస్‌లో ఎన్నో భాగమో, పాత నవల పునర్ముద్రణో, రెండు పాత పుస్తకాలు కలిపి వేసిన సంపుటమో అక్కడ నిర్మొహమాటంగా ఉంటుంది. ప్రచురణకర్త వెనకట్ట మీద దాచిన నిజం తరచుగా ఈ రెండు వాక్యాల్లో బయటపడుతుంది. కొత్త ముఖచిత్రం వేసి, పేరు మార్చి వచ్చిన పాత నవలని మళ్లీ కొనకుండా ఆపేది ఇదే.

సమీక్షలు బాగుంటాయి, కానీ మెత్తగా ఉంటాయి. గ్యారీ కె. వుల్ఫ్ లాంటివాళ్లు ఏళ్ల తరబడి రాస్తున్నారు. ఈ నవల ఏ పాత సంప్రదాయంలోంచి వచ్చింది, ఎక్కడ దాన్ని దాటింది అన్నది చెప్పడంలో వాళ్లకి సాటి తక్కువ. చీల్చి చెండాడే సమీక్ష మాత్రం వెతికినా దొరకదు. ఎంచుకున్న పుస్తకం గురించే రాస్తారు కాబట్టి నచ్చనివి చాలావరకు పేజీదాకా రావు. అందుకని పొగిడిన మాటల్ని వదిలేసి కథ గురించి ఇచ్చిన వివరాలు చదవండి. ‘ఓపిగ్గా విప్పే కథనం’ అంటే మొదటి నూట యాభై పేజీలు నత్తనడక. ‘ఆలోచనలతో కిక్కిరిసింది’ అంటే పాత్రలు పలచన. ఈ నిఘంటువు ఒకసారి పట్టుబడితే సమీక్షలు బాగా ఉపయోగపడతాయి. చాలా సమీక్షలు ముందస్తు ప్రతుల మీదే రాస్తారు, కాబట్టి పుస్తకం విడుదలకి కాస్త అటూఇటూగా వస్తాయి. కొన్నాళ్లకి వాటిలో ఎన్నో వెబ్‌సైట్‌లో ఉచితంగా పెడతారు. సమీక్షల కోసమే చందా కట్టక్కర్లేదని నేను అనేది అందుకే.

ఇంటర్వ్యూల పద్ధతి విచిత్రం. ప్రశ్నలు తీసేసి రచయిత మాటల్నే వరుసగా అచ్చేస్తారు. మొదట వింతగా ఉంటుంది, పోనుపోను హాయిగా ఉంటుంది. అడిగేవాళ్ల గొప్పలు వినక్కర్లేదు. చిక్కల్లా ఏమిటంటే, రచయిత తప్పించుకున్న ప్రశ్న ఏదో మనకి ఎప్పటికీ తెలియదు.

బెస్ట్‌సెల్లర్ జాబితా తిప్పేయండి. కొన్ని దుకాణాల లెక్కలతో, ఒకటి రెండు నెలల వెనకటి అమ్మకాలతో తయారయ్యేది. ఇక్కడ ఏం దొరుకుతుందో దాన్నిబట్టి తెలియదు. స్వయంగా ప్రచురించుకునే రచయితల మీద, కిండిల్‌లోనే వచ్చే సిరీస్‌ల మీద కూడా చూపు తక్కువే. మీ చదువంతా ఆ వైపే అయితే ఈ పత్రిక మీకు కాదు.

ఐదో సంచిక ఫిబ్రవరిది. గడిచిన ఏడాది మొత్తం మీద సమీక్షకుల వ్యాసాలు, సిఫారసు జాబితా ఇందులో వస్తాయి. జాబితా ఒక్కటీ వెబ్‌సైట్‌లో ఉచితమే. వ్యాసాలు కలిపి చదివితేనే ఏ పుస్తకం ఎవరి పట్టుదలతో లోపలికొచ్చిందో తెలుస్తుంది. నవలల్లో సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ, హారర్, పిల్లలూ యువతరమూ చదివేవి, మొదటి నవలలు అని విడగొడతారు. మొదటి నవలల భాగం బంగారం. ఇక్కడ పేరు పడ్డ కొత్త రచయిత రెండో పుస్తకం వచ్చేలోపు మొదటిది ఇండియన్ ధరకే సంపాదించి పెట్టుకోవచ్చు.

ఈ జాబితా నుంచే లోకస్ అవార్డుల పోలింగ్ మొదలవుతుంది. 1971 నుంచి ఇస్తున్న అవార్డులివి. హ్యూగోకి నామినేషన్లు వేసేవాళ్లకి ముందుగా దారి చూపించాలన్నది తొలినాటి ఆలోచన. ఓటు ఎవరైనా వేయొచ్చు, చందా అవసరం లేదు. ఒక్కో విభాగంలో ఐదు వరకు వరుస క్రమంలో ఇవ్వాలి. జాబితాలో లేని పుస్తకాన్ని కూడా రాసివ్వొచ్చు, ఇది చాలామందికి తెలియదు. గడువు ఏప్రిల్ మధ్యలో ముగుస్తుంది. చందాదారుల ఓటుకి రెట్టింపు లెక్క. అది న్యాయమా అని ఏళ్లుగా వాదన నడుస్తూనే ఉంది. పత్రికని పోషించేవాళ్ల మాటకి కాస్త బరువుండటం తప్పేం కాదు కానీ, గెలిచిన పుస్తకాన్ని ‘పాఠకులందరి తీర్పు’ అని అట్ట మీద వేసుకున్నప్పుడు మాత్రం ఈ లెక్క గుర్తుండాలి.

ఏ రూపంలో కొనాలి? భారతదేశంలో ఉన్నవాళ్లు ప్రింట్ జోలికి వెళ్లొద్దు. తపాలా ఖర్చు సరే, సంచిక వచ్చేలోపు జాబితాలో మొదటి నెల పుస్తకాలు విడుదలైపోతాయి. తేదీల కోసం కొన్న పత్రికకి తేదీలే చెల్లిపోతే ఏం లాభం? అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకి ఆ ఇబ్బంది లేదు, ముఖచిత్రాల ప్రకటనలు కాగితం మీద చూడ్డం ఒక ముచ్చట కూడా. డిజిటల్‌లో పీడీఎఫ్, ఈపబ్ (తెరకి తగ్గట్టు సర్దుకునే ఈ-బుక్ ఫైలు) రెండూ దింపుకోండి. సమీక్షలు, ఇంటర్వ్యూలకి ఈపబ్. జాబితాలకి పీడీఎఫ్, అదీ పది అంగుళాల టాబ్‌లోనో కంప్యూటర్‌లోనో. పెద్ద పేజీ, పక్కపక్క కాలమ్‌లు, చిన్న అక్షరాలు. ఫోన్‌లో వేలితో జరుపుకుంటూ చదివితే కళ్లతోపాటు ఓపికా పోతుంది. పీడీఎఫ్ తెరిచి సెర్చ్‌లో బ్రిటన్ ప్రచురణ సంస్థ పేరు కొట్టండి, ఆ భాగానికి తిన్నగా వెళ్లొచ్చు. అక్కడి పేర్లలో మీకు కావాల్సినవి ఒక షీట్‌లోకి ఎక్కించుకోండి: రచయిత, శీర్షిక, సంస్థ, ఫార్మాట్, తేదీ, ఏ సంచికలో చూశారు. ఆఖరి గడి లేకపోతే మూడు నెలల తర్వాత ఏ తేదీ పాతదో ఏది కొత్తదో తేల్చుకోలేరు. ఒక్కో జాబితాకి గంట చాలు.

డబ్బు కట్టడంలో ఒక మెలిక. ధర డాలర్లలో ఉంటుంది. కార్డులో అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేసి ఉండాలి. విదేశీ మారకం మీద బ్యాంకు సాధారణంగా రెండు నుంచి మూడున్నర శాతం వేసి, దానిమీద జీఎస్టీ కలుపుతుంది. నెలనెలా దానంతటదే కట్ అయ్యే పద్ధతి పెట్టుకుంటే మన కార్డులతో ఎప్పుడో ఒకప్పుడు ఆగిపోతుంది. 2021 అక్టోబర్ నుంచి రిజర్వ్ బ్యాంక్ ఈ-మాండేట్ (ఆటో డెబిట్‌కి మనం ముందుగా ఇచ్చే అనుమతి) నిబంధనలు అమల్లోకి వచ్చాక, ఆ ఏర్పాటు లేని విదేశీ సంస్థల ఆటో డెబిట్‌లని బ్యాంకులు తిప్పికొడుతున్నాయి. విడి సంచికలు ఒక్కొక్కటిగా ఓటీపీతో కొనుక్కోవడమే సుఖం. ఐదు సంచికల ధర కూడి, ఏడాది డిజిటల్ చందాతో పోల్చి చూడండి. తేడా స్వల్పమైతే చందానే తీసుకోండి, ఓటు బరువూ పెరుగుతుంది. కానీ మిగతా ఏడు సంచికల కోసం కడుతున్నామని మాత్రం అనుకోవద్దు.

ఖర్చే వద్దనుకుంటే టోర్ వాళ్ల రియాక్టర్ అనే వెబ్‌సైట్‌లో నెలవారీ కొత్త పుస్తకాల జాబితాలు ఉచితంగా దొరుకుతాయి. 2024 జనవరి దాకా దాని పేరు టోర్ డాట్ కామ్. చదవడానికి హాయిగా ఉంటాయి, ముఖచిత్రాలూ ఉంటాయి, ఇతర సంస్థల పుస్తకాలనీ కలుపుతారు. లోటల్లా అమెరికా తేదీలు, అదీ ఎక్కువగా ఆ నెలకే. విడుదల వారం తెలిసే కబురు ప్రీఆర్డర్‌కి పనికిరాదు. బ్రిటన్ నుంచి డేవిడ్ లాంగ్‌ఫర్డ్ 1979లో మొదలుపెట్టిన ఆన్సిబుల్ అనే వార్తాపత్రం కూడా నెలకోసారి ఉచితంగా వస్తుంది. నవలల తేదీలకి కాదు, నవ్వుకోవడానికి. వింత వాక్యాలు ఏరి పెట్టే శీర్షిక ఒకటుంది అందులో, అచ్చైన నవలల్లోంచి తీసినవే. ఓ పేరున్న రచయిత వాక్యం అక్కడ దొరికితే, లోకస్ సమీక్షలో ‘కవితాత్మక వచనం’ అని పొగిడింది దీన్నేనా అని అనుమానం రావడం ఖాయం.